గోడకి పట్టిన నల్ల బూజు: విషపు మందుల్లేకుండా వదిలించడం ఎలా

బూజు అన్న మాటతో మనకి ఒక చిక్కుంది. పండక్కి ముందు పొడుగు కర్రకి చీపురు కట్టి దులిపేదీ బూజే, ముసురు పట్టినప్పుడు గోడ మీద నల్లగా పుట్టేదీ బూజే. మొదటిది సాలీడు పని. దులిపితే పోతుంది. రెండోది ప్రాణమున్న శిలీంధ్రం. దులిపితే ఇల్లంతా విత్తనాలు చల్లినట్టే.

నేను సరిగ్గా ఆ పనే చేశాను. మూడేళ్ల కిందట, శ్రావణ శుక్రవారానికి పట్టుచీరలు తీద్దామని కాకినాడలో మా ఇంటి పడకగదిలో బీరువా తలుపు తెరిస్తే ముక్కవాసన గుప్పుమంది. బీరువాని ముందుకి లాగి చూస్తే, వెనక గోడ మీద అచ్చంగా బీరువా కొలతతోనే నల్లటి నీడ. చుట్టూ గోడ మాత్రం తెల్లగానే ఉంది. దగ్గరగా చూస్తే ఒక్కో చుక్క మిరియం గింజంత, దాని అంచున బూడిదరంగు నూగు. ఫ్యాను తిరుగుతుండగానే పొడి చీపురుతో బరబరా ఊడ్చేశాను. రాత్రంతా తుమ్ములు. పది రోజులకి కిటికీ పరదా మడతల్లో అవే చుక్కలు. తర్వాత పెయింటర్ వచ్చి, "ఒక్క కోటు వేస్తే ఇక కనబడదండీ" అన్నాడు. అన్నట్టే దసరా దాకా కనబడలేదు. దీపావళికి కొత్త రంగు పొక్కులు పొక్కులుగా లేచి, వాటి కిందనుంచి మళ్లీ పైకి వచ్చింది.

ఆ తర్వాత నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. ముందే ఒక మాట. వెనిగర్, వంటసోడా, పెరాక్సైడ్ నిజంగానే పనిచేస్తాయి. కానీ అవి పనిలో సగమే. గోడకి చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోకపోతే ఏ మందు కొట్టినా ఏటా శ్రావణమాసం వాయనంలా బూజు వస్తూనే ఉంటుంది.

అసలు అది బూజేనా?

గోడ మీద కనబడేదంతా బూజు కాదు. తెల్లగా, పొడిపొడిగా, గోరుతో గీకితే ఉప్పులా రాలేది చాలాసార్లు నిజంగానే ఉప్పు. ఇటుకలోనూ సిమెంటులోనూ ఉన్న లవణాలు చెమ్మతోపాటు పైకి వచ్చి, నీరు ఆరాక అక్కడే మిగిలిపోతాయి. దాని మీద ఒక నీటిబొట్టు వేయండి. కరిగిపోతే ఉప్పు, నూగు తడిసి అణిగితే బూజు. బాత్రూం బకెట్ అంచునా షవర్ కిందా పట్టే గులాబీరంగు జిగురు కూడా బూజు కాదు, అది బాక్టీరియా. వంటసోడాతో రుద్దితే పోతుంది. డాబా మీద పచ్చగా జారేది పాకుడు, దాని సంగతి వేరు.

నలుపు చూసి హడలిపోనక్కర్లేదు. 2021లో కోవిడ్ తర్వాత 'బ్లాక్ ఫంగస్' అని అందరం విన్నాం కాబట్టి గోడ మీద నల్లమచ్చ చూడగానే మా అమ్మ ఫోన్లో, "ఆ గదిలో పిల్లల్ని పడుకోబెట్టకే" అని కంగారుపడింది. ఆ జబ్బు తెచ్చే శిలీంధ్రాల జాతి వేరు. అక్కడ నలుపన్నది చచ్చిపోయిన ఒంటి కండ రంగు. మన గోడల మీద సాధారణంగా ఉండేవి క్లాడోస్పోరియం, ఆస్పెర్‌జిల్లస్, పెనిసీలియం. రంగుని బట్టి ఏది ఎంత చెడ్డదో చెప్పలేం. అయినా అమ్మ మాట తీసెయ్యడానికి లేదు. ఉబ్బసం, అలర్జీ ఉన్నవాళ్లకి ఏ బూజైనా చేటే. కీమోథెరపీ చేయించుకుంటున్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లని ఆ గదికి దూరంగా ఉంచాలి.

నీళ్ల దారి పట్టుకోవడం

ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పున్న మందపాటి పాలిథిన్ ముక్క తీసుకుని, గోడ పైతడి తుడిచి, నాలుగు వైపులా గాలి దూరకుండా టేపుతో అంటించండి. ఒకటి రెండు రోజులాగి చూడండి. పాలిథిన్ లోపలివైపు, అంటే గోడని ఆనుకున్న వైపు, తడి చేరితే నీరు గోడలోంచి వస్తోందని అర్థం. గది వైపు తడి చేరితే గదిలో గాలిలోని తేమే చల్లటి గోడ మీద చెమర్చుతోందని అర్థం. ఈ రెంటికీ మందులు వేరు.

గోడలోంచి వస్తుంటే అనుమానించాల్సినవి: డాబా మీద నీళ్లు నిలిచే చోటు, పిట్టగోడ మొదట్లో పగులు, సన్‌షేడ్ పైన నిండిపోయిన ఆకులు, వాననీటి గొట్టం జాయింటు, పొంగి గోడ వెంట కారే ఓవర్‌హెడ్ ట్యాంకు, అన్నిటికన్నా ముఖ్యంగా గోడకి అవతల ఉన్న బాత్రూం. మచ్చ వానాకాలంలోనే పెరుగుతుంటే కప్పుని, ఎండాకాలంలోనూ ఆగకపోతే పైపుని అనుమానించండి. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు దాకా ఒకే వరసలో ఉంటే పునాది నుంచి నెమ్ము ఎక్కుతున్నట్టు.

అద్దె ఇల్లయితే పాలిథిన్ అంటించిన రోజూ తీసిన రోజూ ఫొటోలు తీసి ఓనర్‌గారికి పంపండి. "గోడ చెమ్మగా ఉందండీ" అంటే "వానాకాలం కదమ్మా" అని తేల్చేస్తారు. తడి చేరిన ఫొటో పెడితే అలా అనలేరు.

మా ఇంట్లో తడి గది వైపే చేరింది. రాత్రంతా ఏసీ, పొద్దున్నే కిటికీలు బార్లా తెరవడం, పగలంతా ముసురని గదిలో తాడు కట్టి బట్టలారేయడం. గోడకి ఆనించిన బీరువా వెనక గాలన్నది ఆడదు. తప్పు గోడది కాదు, మాదే. మూడు నాలుగు వందల రూపాయలకి దొరికే చిన్న తేమ మీటరు కొని గదిలో పెడితే 80 పైన చూపించింది. దీన్ని 60 శాతం లోపల ఉంచగలిగితే బూజుకి బతుకు కష్టం. కోస్తాలో వానాకాలమంతా ఆ అంకె పట్టుకోవడం మనకీ కష్టమే అనుకోండి.

ఏ సరుకు దేనికి

*వెనిగర్.* కిరాణా కొట్టులో దొరికే తెల్లది చాలు. సీసా మీద 4 శాతం ఎసిటిక్ యాసిడ్ అని ఉంటుంది. 'సింథటిక్' అని రాసి ఉందని వెనక్కి పెట్టకండి, గోడకి ఆ తేడా తెలియదు. నీళ్లు కలపకుండా వాడాలి. అన్ని రకాల బూజుల్నీ ఇది చంపదు, కొన్ని తట్టుకుంటాయి. టైల్స్ మీదా, గాజు మీదా, ప్లాస్టిక్ మీదా, ఎమల్షన్ వేసిన గోడ మీదా బాగా పనిచేస్తుంది.

కడప బండలు, తాండూరు బండలు, షాబాదు బండలు, పాలరాయి, మొజాయిక్ ఉన్న చోట వెనిగర్ గానీ నిమ్మరసం గానీ వద్దు. ఇవన్నీ సున్నపురాయి సంతతి. పులుపు తగిలితే నురగ వచ్చి మెరుపు పోతుంది, ఆ మచ్చ మళ్లీ పాలిష్ పడితేగానీ పోదు. గోడ మీద కొట్టినా కింద నేల మీదికి కారుతుంది కాబట్టి పాత దుప్పటి పరిచి మొదలెట్టండి. నేను పరవలేదు. మా కడప బండ మీద ఇప్పటికీ తెల్లటి చారలున్నాయి.

*వంటసోడా.* అర లీటరు నీళ్లకి ఒక పెద్ద చెంచా. లేదా కొంచెం నీళ్లతో దోశపిండిలా కలిపి పూత. బూజుని చంపడంలో వెనిగర్ అంత చురుకు కాదు గానీ, రుద్దడానికీ వాసన లాగడానికీ ఇదే మేలు. ఫ్రిజ్ తలుపు రబ్బరుకీ, రాతి నేలకీ నేను దీన్నే వాడతాను.

*హైడ్రోజన్ పెరాక్సైడ్.* ఇంట్లో వాడుకునేవాటిలో నాకు ఎక్కువ నమ్మకమున్నది ఇదే. పనయ్యాక నీరూ ఆక్సిజనూ తప్ప ఏమీ మిగలదు. మందుల షాపులో '20 వాల్యూమ్' అని దొరికేది సుమారు 6 శాతం ఉంటుంది, సమానంగా నీళ్లు కలిపితే 3 శాతం అవుతుంది. మనకి కావలసింది అదే. వెలుతురికి చెడిపోతుంది కాబట్టి గోధుమరంగు సీసాలోనే ఉంచి, కావలసినంతే కలుపుకోండి. రంగు గోడలనీ రంగు బట్టలనీ వెలవెలబోయేలా చేస్తుంది, మూలన ఒక చోట పరీక్షించాకే వాడండి.

*వెలిగారం (బోరాక్స్).* పాత దినుసుల కొట్లలో అడిగితే ఇస్తారు. నాలుగు లీటర్ల వేడినీళ్లకి ఒక కప్పు. గోడ మీద తడి ఆరాక పలచటి పొరలా మిగిలి బూజు తిరిగి రాకుండా కొన్నాళ్లు ఆపుతుంది. కానీ ఇది భూమిలోంచి వచ్చిందే అయినా కడుపులోకి పోతే విషమే. పాకే పిల్లలు, గోడలు నాకే పిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో వాడకండి. సహజమైనదంతా సాధువు కాదు, ఉమ్మెత్తా సహజమే.

మరి సాంబ్రాణి? వాసన కమ్ముతుంది, అంతే. గోడలో పాతుకున్న బూజుకి పొగతో ఏమీ కాదు, పైగా ఉబ్బసం ఉన్నవాళ్లకి ఆ పొగే ఎక్కువ ఇబ్బంది. కలరా ఉండలు పురుగుల కోసం, బూజుకి పనికిరావు, పీల్చడానికీ మంచివి కావు. వేపనూనె మొక్కల మీద సరే, గోడ మీద జిడ్డు మరక మిగులుస్తుంది.

కలపకూడనివి

ఇదొక్కటీ రెండుసార్లు చదవండి. బ్లీచింగ్ పౌడరుతో గానీ బ్లీచ్ ద్రవంతో గానీ వెనిగర్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. టాయిలెట్ యాసిడ్ కలిసినా అంతే. నిన్న బ్లీచ్ వేసిన చోట ఇవాళ వెనిగర్ కొట్టాలంటే, మధ్యలో నీళ్లతో బాగా కడిగి ఆరనివ్వాలి. వెనిగర్, పెరాక్సైడ్ ఒకే సీసాలో పోయకూడదు, కళ్లనీ ఊపిరితిత్తుల్నీ మండించే వేరే ఆమ్లం తయారవుతుంది.

వెనిగర్‌లో వంటసోడా వేస్తే ప్రమాదమేమీ లేదు, ప్రయోజనమూ లేదు. వీడియోల్లో బుసబుస పొంగడం చూడ్డానికి బావుంటుంది గానీ, పులుపూ క్షారమూ ఒకదాన్నొకటి తినేసి చివరికి మిగిలేది ఉప్పునీళ్లు. ముందు ఒకటి వాడి, తుడిచి, తర్వాత రెండోది వాడండి.

పని మొదలుపెట్టే ముందు

మచ్చ మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు లోపల ఉంటే మనం చేసుకోవచ్చు. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఇంటివాళ్లకి చెప్పే హద్దు కూడా దాదాపు ఇదే, 10 చదరపు అడుగులు. అంతకు మించితే తెలిసినవాళ్లని పిలవండి. పీఓపీ సీలింగో జిప్సం బోర్డో అయితే బూజు లోపలిదాకా పోతుంది, ఆ ముక్క కోసి పారేయడమే. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పటిలా ఇంట్లోకి మురుగునీరు వచ్చి నిలిచిందా, అప్పుడు వెనిగర్ పట్టుకుని కూర్చోకండి. అక్కడ కావలసింది క్రిములని చంపే గట్టి మందే.

ఎన్‌95 మాస్కు, రబ్బరు తొడుగులు, కళ్లజోడు పెట్టుకోండి. ఫ్యానూ ఏసీ ఆపండి. గది తలుపు మూసి కిటికీ తెరవండి. పరదాలూ పరుపులూ బయటికి. ఎండ కాసే రోజు చూసుకోండి, ముసురులో తడిపిన గోడ ఆరదు. డిస్టెంపర్ వేసిన గోడయితే తడిగుడ్డతో ఒక మూల రాసి చూడండి. రంగు గుడ్డకి అంటుకుని వచ్చేస్తే అలాంటి గోడని కడగలేరు, గీకి మళ్లీ వేయించుకోవాల్సిందే.

గోడ శుభ్రం చేయడం, అంచెలంచెలుగా

1. ముందుగా గోడని తడపండి. బూజు మీద నేరుగా జోరుగా కొట్టకుండా, కొంచెం దూరంనుంచి సన్నటి తుంపరలా వెనిగర్ చల్లండి. తడిసిన బూజు ఎగరదు. నేను ఊడ్చినప్పుడు చేసిన తప్పు ఇక్కడే.

2. గంట వదిలేయండి. అందరూ తొందరపడేది ఇక్కడే. అయిదు నిమిషాలకే తుడిస్తే పైనున్న నలుపు పోతుంది, వేళ్లు ఉంటాయి. మధ్యలో ఆరిపోతుంటే ఇంకోసారి చల్లండి.

3. నైలాన్ బ్రష్‌తోనో పీచుతోనో అంచుల నుంచి మధ్యకి రుద్దండి. మధ్యనుంచి బయటికి రుద్దితే మచ్చని మనమే పెంచినట్టు. ఇనుప పీచు వద్దు, గీతల్లో చెమ్మ నిలుస్తుంది.

4. పాత నూలుగుడ్డ ముక్కలతో తుడవండి. ఒక ముక్క నల్లబడగానే కవర్లో వేసి కొత్తది తీసుకోండి. అదే గుడ్డని బకెట్లో పిండి మళ్లీ తుడిస్తే బూజునీళ్లు పూసినట్టే. చచ్చిన బూజు కూడా తుమ్ములు తెప్పిస్తుంది కాబట్టి చంపడంతో సరిపోదు, తీసి పారేయాలి.

5. మంచినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో ఒకసారి తుడిచి, ఆరనిచ్చి, మరక ఇంకా ఉన్న చోట 3 శాతం పెరాక్సైడ్ చల్లి పది నిమిషాలు ఆగండి. సన్నగా చిటపటలాడుతుంది. మళ్లీ రుద్ది తుడవండి. లేత బూడిదరంగు ఛాయ మిగిలితే కంగారు వద్దు, రంగు మిగిలినంత మాత్రాన బూజు బతికున్నట్టు కాదు.

6. ఇప్పుడు ఫ్యాను పెట్టండి, పూర్తిగా. టేబుల్ ఫ్యాను ఉంటే గోడకే తిప్పి ఒక రోజంతా. ఎప్పుడు ఏది తడిసినా 24 నుంచి 48 గంటల్లో ఆరిపోతే బూజు పుట్టే అవకాశం చాలావరకు తగ్గుతుంది.

7. కవరు మూతి కట్టి చెత్తలో వేసి, కట్టుకున్న బట్టలు విడిగా వేడినీళ్లలో ఉతికి, తలస్నానం చేయండి.

బాత్రూం టైల్స్ మధ్య సందులకి వంటసోడా ముద్ద పట్టించి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, పెరాక్సైడ్‌తో ముగించండి. అక్కడ వెనిగర్ ఎప్పుడైనా ఒకసారి సరే, వారంవారం వాడితే సందుల్లోని సిమెంటుని తినేస్తుంది. సిలికాన్ పూత లోపల నల్లబడితే ఏదీ పనిచేయదు, కోసి కొత్తది వేయించండి.

పట్టుచీరలు, చెప్పులు, బీరువా

పట్టు మీద తెల్లటి బూజుచుక్కలు కనబడితే నీళ్లు, వెనిగర్, పెరాక్సైడ్ ఏవీ తగలనివ్వకండి. జరీ నల్లబడుతుంది. ఎండ ఉన్న రోజు చీరని బయట, నీడలో, గాలి తగిలేలా పరవండి. ఒక పూట పూర్తిగా ఆరాక మెత్తటి మల్లుగుడ్డతో ఒకే వైపుకి తేలిగ్గా తుడవండి. ఈ పని ఇంటి బయటే చేయాలి. మరక మిగిలితే డ్రైక్లీనింగ్‌కి ఇచ్చేటప్పుడు "బూజు మరక" అని చెప్పి మరీ ఇవ్వండి. తర్వాత ప్లాస్టిక్ కవర్లలో కాకుండా పాత నూలు పంచెలో చుట్టి, రెండు మూడు నెలలకోసారి మడతలు మార్చండి. మా అమ్మమ్మ ఈ పని చేస్తుంటే చాదస్తం అనుకునేదాన్ని.

తెల్ల నూలుబట్టలకి నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో వేసే పాత పద్ధతి ఇప్పటికీ మంచిదే. తోలు చెప్పులూ బెల్టులూ వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి తడిపి పిండిన గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి. దూది పరుపుకి లోపల బూజు పడితే వదులుకోవడమే.

ఇనుప బీరువా లోపల తుడవడం తేలిక. గోడలో బిగించిన చెక్క కప్‌బోర్డులతోనే తలనొప్పి. ముందువైపు సన్‌మైకా తళతళలాడుతుంటుంది, వెనక ముడి ప్లైవుడ్డు గోడ చెమ్మంతా తాగుతుంటుంది. కొత్తగా చేయించుకునేవాళ్లు వడ్రంగికి వెనకవైపు కూడా పూత వేయమని, గోడకీ దానికీ మధ్య కాస్త సందు వదలమని గట్టిగా చెప్పండి.

సున్నం సంగతి

పాత పెంకుటిళ్లలో ఏటా వెల్ల వేసేవారు. దానికి పండగే కారణం కాదు. తడి సున్నం ఘాటైన క్షారం, అందులో బూజు బతకదు. పైగా సున్నపు గోడ చెమ్మని పీల్చి మళ్లీ బయటికి వదులుతుంది. ఎమల్షన్ లాంటి ప్లాస్టిక్ రంగు దాన్ని లోపలే బంధిస్తుంది, మా గోడ మీద పొక్కులు లేచింది అందుకే. మీది ఇప్పటికీ సున్నపు గోడో, రంగు వేయని సిమెంటు గోడో అయితే వెల్లని మించింది లేదు. తడిపిన సున్నం రాత్రంతా నానబెట్టి, గుడ్డతో వడగట్టి, పాలలా పలచగా చేసి, గోడ తడిపి రెండు మూడు పలచటి పూతలు వేయాలి. ఎమల్షన్ మీద ఇది నిలవదు, పెచ్చులుగా రాలిపోతుంది. రాతిసున్నం కొని మీరే నీళ్లు పోయకండి, సలసలా మరిగి మీద చిమ్ముతుంది. వడగట్టిన సున్నం కంట్లో పడినా ప్రమాదమే, కళ్లజోడు తప్పనిసరి.

మళ్లీ రాకుండా

బీరువాని గోడకి నాలుగు వేళ్ల దూరం జరిపాను. అన్నం ఉడుకుతున్నప్పుడూ, స్నానమయ్యాక అరగంటా ఎగ్జాస్ట్ ఫ్యాను. ముసురు రోజుల్లో బట్టలు గదిలో కాకుండా వరండాలో, టేబుల్ ఫ్యాను ముందు. బయట వాన పడుతుంటే కిటికీలు తెరిస్తే తేమ లోపలికే వస్తుంది, వాన వెలిసి ఎండ వచ్చాకే తెరవాలి. ఏసీలో డ్రై మోడ్ అని ఒకటుంటుంది, ఎవరూ నొక్కరు, వానాకాలానికి అదే సరైనది. బీరువాలో గిన్నెడు బియ్యం, ఉప్పు పెట్టడం తృప్తికే. కాల్షియం క్లోరైడ్ డబ్బాలు మాత్రం చిన్న అరలో నిజంగానే నీళ్లు లాగుతాయి, నిండగానే పారబోయాలి.

శుభ్రం చేసిన చోటు చుట్టూ పెన్సిల్‌తో సన్నటి గీత గీసి పక్కన తేదీ వేయండి. వారానికోసారి టార్చి వేసి చూడండి. గీత లోపల మళ్లీ చుక్కలు మొలిస్తే పని సరిగ్గా కాలేదు, మొదటి అంచె నుంచి మళ్లీ చేయండి. గీత బయట మొలిస్తే ఎక్కడో నీళ్లు ఇంకా వస్తున్నాయి, వెనిగర్ పక్కన పెట్టి పాలిథిన్ ముక్క తీయండి. మా బీరువా వెనక వేసిన తేదీకి రెండు శ్రావణాలు దాటాయి. నిరుడు గీత బయట కింది మూలన మూడు చుక్కలు వచ్చాయి. చూస్తే, పక్క బాత్రూంలో కుళాయి వాషరు పోయింది.